గైడ్లకిచ్చే లైటు

మా క్యాంపు స్టోరు గదిలో లైట్లు రెండు పెట్టెల్లో ఉంటాయి. నల్ల పెట్టెలోవి గెస్టులకి. తలకి కట్టుకుంటే బరువు తెలియదు, ఒకసారి చార్జింగు పెడితే రాత్రంతా వెలుగుతాయి, వానలో తడిసినా ఏమీ కావు. నీలం ప్లాస్టిక్ పెట్టెలోవి గైడ్లకి. వాటి అట్ట మీద పెద్ద పెద్ద అంకెలు రాసుంటాయి గానీ, గంట తిరక్కుండానే మూడుసార్లు మినుక్కుమని చచ్చిపోతాయి. అలా వేరు చేసి పెట్టింది మా ఓనరు లక్ష్మీప్రసాద్. వైజాగ్ నుంచి వచ్చి, డుంబ్రిగుడకి పైనున్న ఈ కొండ మీద గుడారాలు వేసి ట్రెక్కింగ్ నడుపుతున్నాడు.

"గైడ్లకి దారి తెలుసు కదా. వాళ్ళకిది చాలు" అనేవాడు.

నా మొగుడు స్తెఫను అతని దగ్గర గైడు. పోయిన జనవరిలో, మంచు దట్టంగా దిగిన రాత్రి, గెస్టు ఒకడు తప్పిపోయాడని, వెతకమని ప్రసాద్ స్తెఫనుని పైకి తోలాడు. నల్ల పెట్టెలోది ఒకటి ఇమ్మని స్తెఫను అడిగాడు. ఇవ్వలేదు. ఆ గెస్టు తనంతట తనే గుడారానికి తిరిగొచ్చి పడుకున్నాడు. స్తెఫను రాలేదు. మర్నాడు పులిగుండు అనే పెద్ద బండ కింద లోయలో దొరికాడు. నుదుటికి ఆ లైటు అలాగే కట్టి ఉంది.

"తాగి పడిపోయాడు" అని ప్రసాద్ పోలీసులకి చెప్పాడు. చర్చి పెద్దలకి చెప్పాడు. మా అత్త మగ్దలేనమ్మకి, శవం పక్కనే నిలబడి, చెప్పాడు. నా మొగుడు జన్మలో సారా ముట్టని మనిషి. చర్చిలో ముందు వరసలో కూర్చునే మా అత్త ఆనాటి నుంచి చివరి వరసలో, గోడ పక్కన, తల వంచుకుని కూర్చుంటోంది.

నెల తిరక్కుండానే నాకు వంటపని ఇస్తానన్నాడు, జాలి మొహం ఒకటి పెట్టుకుని. చేరాను. ఊళ్ళో వాళ్ళు నన్ను సిగ్గులేనిదన్నారు. అననీ. రోజూ అతని చేతికి కాఫీ గ్లాసు అందిస్తూ ఆ గొంతు వైపే చూసేదాన్ని. అందులోంచి ఆ అబద్ధాన్ని ఏనాటికైనా వెనక్కి లాగాలి. అందుకే చేరాను.

డిసెంబరు మొదటి వారం. చీకటి పడి కాసేపైంది. పై క్యాంపు నుంచి వాకీటాకీలో ఒక ఆడమనిషి ఏడుస్తూ మాట్లాడింది. వాళ్ళాయన రాయి మీద జారి పడ్డాడట, మోకాలు ఉబ్బిపోయిందట, రక్తం కూడా పోతోందట. పైన వాళ్ళిద్దరే ఉన్నారు. మా గైడ్లందరూ కాలేజీ పిల్లలని తీసుకుని అవతలి కొండకి పోయారు. నల్ల పెట్టెలో లైట్లన్నీ ఆ పిల్లల తలల మీదే ఉన్నాయి.

"నువ్వు రా డాలీ. నీకు దారి తెలుసుగా" అన్నాడు ప్రసాద్, మందుల సంచీ భుజానికి వేసుకుంటూ. "నాకు లైటేదీ?"

నీలం పెట్టెలోంచి ఒకటి తీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదా?"

"గైడ్లకి ఇచ్చీదే సార్. సాల్తాది."

నా మొహంలోకి చూశాడు. లైటు తలకి కట్టుకున్నాడు.

నేను స్తెఫను టార్చి తీసుకున్నాను. మూడు సెల్లుల స్టీలు టార్చి, పసుపు వెలుగు. వాళ్ళ నాన్న అడవిపంది వేటకి పోయే రోజులనాటిది. మంచులో తలకి తెల్ల లైటు కట్టుకుంటే వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతుందని, కళ్ళ పక్కనే లైటుంటే నీడలు కనపడక గొయ్యి కూడా చదును నేలలాగే ఉంటుందని స్తెఫను నాకు నేర్పాడు. పసుపు లైటు, అదీ నడుం దగ్గర పట్టుకోవాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే అతనికి అది ఇచ్చాను.

కాఫీ తోట దాటేదాకా బాగానే నడిచాం. రాలిన పళ్ళు కుళ్ళిన పులుపు వాసన, తడి ఆకుల వాసన. మిరియాల తీగల మీంచి నీళ్ళు టప్పు టప్పున పడుతున్నాయి. తోట దాటాక మంచు కమ్మేసింది. నేను అతన్నే ముందు నడవమన్నాను. అతని నుదుటి వెలుగు ముందు తెల్లటి గోడలా నిలబడిపోయింది. రెండు చేతులూ చాపి, గుడ్డివాడిలా తడుముకుంటూ నడుస్తున్నాడు. చూసి నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను.

"వీళ్ళు రివ్యూ ఏం రాస్తారో ఏమో" అని గొణిగాడు. "ఇప్పటికే ఆ స్తెఫను వల్ల ఈ కొండకి చెడ్డపేరు వచ్చింది. తాగి చచ్చాడు, నా పీకల మీదికి తెచ్చాడు."

నా ముందే అన్నాడు. వెనక్కి కూడా తిరక్కుండా అన్నాడు.  చేతిలో ఉన్న టార్చితోనే ఆ తల పగలగొట్టాలనిపించింది.

అప్పుడు అతని లైటు మినుకుమంది. ఒకటి... రెండు... మూడు. ఆరిపోయింది.

"ఛీ! దరిద్రపు లైటు!" అని దాన్ని అరచేత్తో కొట్టాడు. అంతలోనే ఆగి, "అదిగో... ముందెవరో ఉన్నారు" అన్నాడు.

చూశాను. ఇరవై అడుగుల ముందు, మంచులో ఒక తెల్లటి లైటు. మనిషి నుదుటి ఎత్తున ఉంది. నెమ్మదిగా పైకి పోతోంది.

"మన గైడు గంగరాజే అయ్యుంటాడు, ముందే వచ్చేసినట్టున్నాడు. ఏయ్, గంగరాజూ! ఆగు!"

ఆ లైటు ఆగలేదు. అడుగు అడుగుకీ కొంచెం ఎడమకి ఒరుగుతూ పోతోంది. ఏళ్ళ తరబడి ఎడమ భుజం మీద మూటలు మోసిన మనిషి నడక అది. పెళ్ళయిన నాటి నుంచి ఆ నడక వెనకాలే నేను సంతకి పోయాను, పొలానికి పోయాను, చర్చికి పోయాను.

 పిలవాలనుకున్నాను. పిలవలేకపోయాను.

కీచురాళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో తెలీదు. కాలిన ప్లాస్టిక్ వాసన... సన్నగా.

ప్రసాద్ ఆ లైటు వెంట పడ్డాడు. కాళ్ళ కింద రాయి తగిలింది నాకు. పులిగుండు దగ్గరికి వచ్చేశాం. అక్కడ దారి ఎడమకి తిరుగుతుంది. ఆ లైటు తిరగలేదు. తిన్నగా పోయింది. తిన్నగా... అక్కడ నేల లేదు. అయినా అదే ఎత్తున, అదే నడక నడుస్తూ పోయింది.

ప్రసాద్ దాని వెనకే పోతున్నాడు.

నేను ఆగిపోయాను. ఒక్క మాట చాలు. "ఎడమకి సార్" అంటే చాలు.

అనలేదు.

నా చేతిలో టార్చి ఆర్పేశాను.

చీకట్లో అతని బూట్ల చప్పుడు విన్నాను. ఒక అడుగు. రాళ్ళు జారాయి. ఇంకో అడుగు. పెదాలు పళ్ళ కింద బిగించి పట్టుకున్నాను, రక్తం ఉప్పగా తగిలింది. శవం పక్కన నిలబడి అన్నావు కదరా. మా అత్త ముందర అన్నావు కదరా. పో. పో...

బూట్ల చప్పుడు ఆగిపోయింది.

"సరే... సరే... ఆగాను" అన్నాడు ప్రసాద్. "ఎందుకలా అరుస్తావ్, డాలీ?"

నేను నోరే తెరవలేదు.

టార్చి వేశాను. అతని బూట్ల ముందు భాగం అంచు దాటి గాలిలో ఉంది. ముందు లైటు లేదు. మంచు తప్ప ఏమీ లేదు. కిందికి చూసుకుని వెనక్కి కూలబడిపోయాడు. పాకుతూ వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు.

"నువ్వు అరవకపోతే... అమ్మా... నువ్వు అరవకపోతే..."

"ఇక్కడే పడ్డాడు నా మొగుడు" అన్నాను. "తాగేడా?"

 అతని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"లేదు."

"మల్లీ సెప్పు."

"తాగలేదు. నేనే... కేసవుతుందని..."

"ఇక్కడ నాకు కాదు. మా అత్త ముందల సెప్పు. సర్చిలో సెప్పు."

"చెప్తాను. నీ మీద ఒట్టు. నా ప్రాణం నిలబెట్టావు."

ఆ రాత్రి పైకి పోయి గెస్టు మోకాలికి కట్టు కట్టాం. తెల్లారాక మనుషులొచ్చి కిందికి మోసుకెళ్ళారు. అతని ప్రాణానికి ఏమీ కాలేదు.

ఆదివారం ప్రసాద్ నిజంగానే వచ్చాడు. పాటలయ్యాక లేచి, చేతులు కట్టుకుని, మొత్తం చెప్పాడు. లైటు సంగతి, పోలీసుల సంగతి, అబద్ధం సంగతి. మా అత్త చివరి వరసలోంచి లేచి, ఎవరినీ చూడకుండా నడిచి వచ్చి, ముందు వరసలో తన చోటులో కూర్చుంది. అప్పుడు మాత్రమే ఏడ్చింది. నేను ఏడవలేదు. నా కోపం తగ్గలేదు. ఒక మనిషిని చంపి, పాప పశ్చాత్తాపం పడ్డ మంచివాడని నలుగురి చేతా అనిపించుకుని పోతున్నాడే అని ఇంకా రగిలింది.

గేటు దగ్గర నా కోసం ఆగాడు. ఎండ బాగా కాస్తోంది. పిల్లలు ఆడుకుంటున్నారు.

"ఒకటి అడగాలి డాలీ" అన్నాడు నవ్వుతూ. "ఆ రోజు నువ్వు అరిచావే, మీ భాషలో. రెండు మూడు సార్లు అరిచావు. చెవిలో అలాగే ఉండిపోయింది. దానర్థం ఏంటి?"

మా కువి భాష అతనికి ఒక్క ముక్క రాదు. ఆ మాటలని వంకరటింకరగా, విరగ్గొట్టి పలికాడు. అయినా నాకు తెలిసింది.

'నువ్వు కాదు. నీ వెనకున్నదాన్ని పంపు.'

ఎండలో నా ఒళ్ళంతా చల్లబడింది. "ఆగమని సార్" అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు. జీపు ఎక్కబోతూ కొండ వైపు తిరిగి, అదే మాట సరదాగా ఇంకోసారి గట్టిగా అన్నాడు.

ఈసారి ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.