ఆరు టన్నుల బొగ్గులో ఒక గడ్డ

పాముల్ని, పిస్తోళ్లను పూచికపుల్లకింద తీసిపారేసే సీక్రెట్ ఏజెంట్ రాజేందర్‌కు, 1965 సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం, పట్టపగలు, తాండూరు స్టేషన్లో మోకాళ్లు వణికాయి. వణికించింది తుపాకీ కాదు. ఒక ఆడమనిషి నోటి మాట.

నల్లకళ్లద్దాలు, ఆకుపచ్చ జార్జెట్ చీర. ప్లాట్‌ఫారం మీది జనమంతా ఆమెనే చూస్తున్నారు. ఆమె మాత్రం వికారాబాద్ వెళ్లే ప్యాసింజర్ ఇంజన్ పక్కకు వచ్చి, ఎటో చూస్తూ అడిగింది.

"తాండూరు కందులు ఈసారి ఎట్లున్నయ్?"

"మస్తుగున్నయ్ గని ఉడుకుతలేవు," అన్నాడు రాజేందర్. ఇంజన్‌కు బొగ్గు అందించే కోల్‌మ్యాన్ వేషంలో ఉన్నాడతను. ఒంటినిండా మసి, నెత్తికి రుమాలు, చేతిలో టిఫిన్ డబ్బా.

కోడ్ సరిపోయింది. ఈమే మనోరమ. శత్రుదేశపు ముఠాలో ఉంటూ మన డిపార్ట్‌మెంట్‌కు రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్.

"టెండర్లో ఉన్న గడ్డల్లో ఒకటి బొగ్గు కాదు," అంది పెదవులు కదలకుండా. "ఇనుప డొల్ల. పైన తారు, లోపల మందు, గడియారం. పొయ్యిలో పడితే అప్పుడే పేలుతుంది. పడకపోతే నాలుగున్నరకు, వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద."

"ఏ గడ్డ?"

"అది నాకు చెప్పలేదు."

రాజేందర్ తలెత్తి టెండర్ వైపు చూశాడు. టెండర్ అంటే ఇంజన్ వెనక తగిలించిన తొట్టిబండి. అడుగున నీళ్లు, పైన ఆరు టన్నుల బొగ్గు. దాని వెనకే సీలు వేసిన మిలిటరీ వ్యాగన్, నిండా మందుగుండు. ఆ వెనక ఎనిమిది పెట్టెలు, ఏడువందల మంది జనం. ఈ బండికి ముప్పుందని ముందే ఉప్పందింది. చీఫ్ ఆర్డర్ స్పష్టంగానే ఉంది: మనోరమ రాకపోయినా, అనుమానం వచ్చినా తాండూరులోనే బండి ఆపెయ్.

"అయితే బండి ఆపిస్త."

"ఆపితే నా ప్రాణం పోయినట్టే. బండిలో వాళ్ల మనిషి ఉన్నాడు. నేను చెప్పానని తెలిసిపోతుంది." ఆమె గొంతు వణికింది. "నాలుగున్నర దాకా టైముంది. నేనూ ఇదే బండిలో వస్తున్నాను. నమ్మడానికి అది చాలదా?"

చాలిందనుకున్నాడు. అందమైన మనిషి అదురుతున్న గొంతుతో అడిగితే, ఎంత ఏజెంటైనా ఆర్డర్లో అక్షరాలు మసకబారతాయి. ఈల మోగింది. బండి కదిలింది.

రాజేందర్ ఎవరో, సంగతేమిటో వినగానే ఫైర్‌మన్ బీరన్న చేతిలో పార ఆగిపోయింది.

"నేనిప్పటికే ఇరవై పారలేసిన సారూ!"

"ఇంకా బతికే ఉన్నంగద, ఏసినవాటిల లేదు," అన్నాడు డ్రైవర్ నర్సింహులు. ఆయన ఆవిరిని వదిలే రెగ్యులేటర్ మీది చెయ్యి తీయలేదు. కానీ ఆ చెయ్యి తెల్లబడింది. "ఆవిరి పడిపోతే బండి ముందున్న గుట్ట చడావు ఎక్కది. చూసి చూసి ఎయ్యి."

రాజేందర్ బొగ్గుగుట్ట ఎక్కి టిఫిన్ డబ్బా మూత తీశాడు. అడుగున పప్పన్నం లేదు, మెటల్ డిటెక్టర్ ఉంది. ఢిల్లీ నుంచి విమానంలో తెప్పించిన సరుకు. కుడివైపు పెట్టాడు. కీచుమంది. ఎడమవైపు పెట్టాడు. కీచుమంది. గాల్లోకి ఎత్తినా కీచుమంటూనే ఉంది.

"టెండర్ మొత్తం ఇనుమే గద సారూ," అన్నాడు బీరన్న మెల్లగా.

"గీ డబ్బా పంపినోనికి నా సలాం చెప్పుండ్రి," అన్నాడు నర్సింహులు.

ఇక చేతులే గతి. రాజేందర్ ఒక్కొక్క గడ్డను ఎత్తి, చెవికి ఆనించి, బరువు చూసి ఇస్తున్నాడు. బీరన్న దాన్ని పారలో పెట్టుకుని, కళ్లు మూసుకుని పొయ్యిలోకి విసురుతున్నాడు. విసిరిన ప్రతిసారీ ముగ్గురూ ఊపిరి బిగబడుతున్నారు. గడ్డ భగ్గున అంటుకుంటుంది. ఊపిరి వదులుతున్నారు. మళ్లీ ఇంకో గడ్డ. రాజేందర్ చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. ఇంజన్ చప్పుడుకు గడియారం కాదు, గుడిగంట కొట్టినా వినపడదు.

దారిలో ధారూరు స్టేషన్లో బండి రెండు నిమిషాలు ఆగి కదిలింది. అప్పుడు చూశాడు రాజేందర్. ప్లాట్‌ఫారం మీద ఆకుపచ్చ చీర!

మనోరమ దిగిపోయింది. చేతిగడియారం వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసి, సన్నగా నవ్వింది.

రాజేందర్‌కు సంగతి అర్థమైంది. తనను తాండూరులో బండి ఆపనీయకుండా చేయడానికే ఆమె వచ్చింది. బాంబు నిజం. నాలుగున్నర అబద్ధం. వికారాబాద్ చేరకముందే పేలుతుంది. ఎప్పుడో తెలియదు. ఇప్పుడే కావచ్చు.

"బండి ఆపు నర్సింహులూ! ఆపు!"

"ఆపితే ఏమైతది సారూ? నడిమిట్ల బండి ఆగితే మనోళ్లు ఊకుంటరా? ఏడువందల మంది దిగొచ్చి ఇంజన్ చుట్టూ నిలవడి 'ఏమైంది, ఏమైంది' అంటరు. పొమ్మంటే ఇంకో అడుగు ముందుకొస్తరు!"

అది అక్షరాలా నిజం. రాజేందర్ మళ్లీ గడ్డల మీదికి వంగాడు.

అప్పుడు బీరన్న బొగ్గు తడిపే నీళ్ల పైపు అందుకున్నాడు.

"నీళ్లొద్దు! తడిస్తే పేలుతదేమో!"

"తడవకపోయినా పేలేదే గద! ధూళి లేవకుండ నేను రోజూ తడుపుత సారూ. మా సింగరేణి బొగ్గుకు దూప ఎక్కువ, పోసింది పోసినట్టే తాగుతది. తారు తాగుతదా?"

పైపు విప్పాడు. ఇంజన్లోంచి వేడినీళ్లు వచ్చి బొగ్గుగుట్ట మీద చిమ్మాయి. ధూళి కరిగి నల్లగా జారింది. గడ్డలన్నీ నీళ్లు పీల్చుకుని మొద్దుగా, మసకగా అయ్యాయి. ముగ్గురు మనుషుల్లో ఇద్దరు రెప్ప వేయకుండా చూస్తున్నారు. మూడోవాడు పట్టాలు చూస్తూ, పెదవులతో ఏదో గొణుక్కుంటున్నాడు.

ఎడమ మూలన, సగం పూడుకుపోయి, గుమ్మడికాయంత గడ్డ ఒకటి. దాని మీద నీళ్లు ఇంకలేదు. ముత్యాల్లా బొట్లుబొట్లుగా నిలిచి, బండి ఊపుకు వణుకుతున్నాయి.

రాజేందర్ దూకి దాన్ని పెకలించాడు. బొగ్గుకు ఉండాల్సినదానికి రెండింతల బరువు. పొట్టకు ఆనించుకుంటే లోపల టిక్కు టిక్కుమంటూ ఎముకలకు తగిలింది. విసరాలి. విసరాలని బుద్ధి చెబుతోంది. వేళ్లు మాత్రం వినలేదు. భయంతో ఆ గడ్డను చంటిపిల్లను పట్టుకున్నట్టు గట్టిగా హత్తుకుని నిలబడిపోయాడు.

"ఇడువు సారూ!"

"చేతులు వస్తలేవు బీరన్నా..."

బీరన్న ఇంకో మాట మాట్లాడలేదు. పారను గడ్డ కిందికి దూర్చి, మోకాలితో రాజేందర్‌ను ఒక్క తోపు తోశాడు. గడ్డ పారలోకి జారింది. పన్నెండేళ్లుగా పొయ్యికి అలవాటైన విసురు ఈసారి బయటికి తిరిగింది. గడ్డ అడవి అంచున ఎర్రమట్టి గోతిలోకి పోయి పడింది.

ఒకటి. రెండు. మూడు.

చెవులు గింగురుమన్నాయి. ఎర్రమట్టి ఆకాశమంత ఎత్తు లేచి, మిలిటరీ వ్యాగన్ పైకప్పు మీద వానలా రాలింది. బండి మాత్రం ఆగలేదు. రాజేందర్ బొగ్గు మీద కూలబడి, ఏడువందల మందిలో ఎవరికీ కనపడకుండా కాసేపు ఏడ్చాడు. బీరన్న అటు తిరిగి, పొయ్యిని ఎగదోస్తున్నట్టు నటించాడు.

వికారాబాద్ నుంచి ఫోన్ వెళ్లేసరికి మనోరమ ధారూరు స్టేషన్ బెంచీ మీదే ఉంది. కుట్రంతా నిమిషాలతో సహా లెక్కవేసిన మనిషి, ధారూరు నుంచి సాయంత్రం దాకా ఇంకో బండి లేదన్న సంగతి కనుక్కోలేదు. పోలీసులు వచ్చినప్పుడు కూడా నల్లకళ్లద్దాలు తీయలేదట.

విషయం పరమ రహస్యం, ఒక్క అక్షరం కాగితం మీద పెట్టొద్దని చీఫ్ ఆజ్ఞ. కానీ గడ్డగడ్డా చూసి వేసేసరికి బండి పదకొండు నిమిషాలు లేటు. కారణం రాయందే రైల్వే ఊరుకోదు. నర్సింహులు పెన్సిలు నాలుకకు తగిలించుకుని, చాలాసేపు ఆలోచించి, రిపోర్టులో రాశాడు:

"బొగ్గు నాణ్యం లేదు. ఒక గడ్డ అయితే మరీ అన్యాయం."