పలకకూడని గొంతు

ఆ కొండమీది రేకుల గుడిసెకి పేరు మంచిది కాదు. న్యూజిలాండులో ఆ సరస్సు చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. "రాత్రిపూట అది నీ సొంతవాళ్ళ గొంతుతోనే మాట్లాడుతుందమ్మాయ్... పలికావో, పోయావే!" అనేవాడు కింద గొర్రెలు మేపే ముసలి మర్డో.

నెరీడా నవ్వేసేది. మొగుడు లీత్ పక్కనుంటే ఆవిడకి భయమేమిటి! ఉల్కల వాన చూడ్డానికి ప్రతి మే నెలా ఆస్ట్రేలియా నుంచి సముద్రం దాటి, పదకొండేళ్ళుగా ఇద్దరూ ఈ గుడిసెకే వస్తున్నారు.

ఈ ఏడు లీత్ రానన్నాడు. బడిపంతులు కదా, పెర్త్‌లో ఏదో శిక్షణ అని వెళ్ళిపోయాడు. "ఒక్కదానివీ వెళ్ళకే అక్కా, చలికి చస్తావ్" అని చెల్లెలు కెరిన్ మరీ మరీ చెప్పింది. వింటేగా! ఇద్దరికీ చెప్పకుండా టికెట్టు కొనుక్కుని వచ్చేసింది.

చేరేసరికి బాగా చీకటి పడింది. ఎర్ర టార్చి తప్ప వెలిగించలేదు. తెల్ల లైటు వేస్తే కళ్ళకి చీకటి మళ్ళీ అలవాటు కావాలంటే అరగంట పడుతుంది... అది లీత్ నేర్పిన నియమమే.

తలుపు పక్కన మేకుకి పుస్తకం వేలాడుతోంది. కొండెక్కినవాళ్ళు అందులో పేరు రాయాలి. తప్పిపోతే వెతికేది దాన్ని బట్టే. ఎర్ర వెలుగులో చూస్తే కొత్త పేజీ ఖాళీ. "హమ్మయ్య, నేనొక్కదాన్నే" అనుకుని, పైవరసలో నల్ల పెన్నుతో పేరు రాసి పడుకుంది.

నాలుగింటికి లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది...

బయట గడ్డిలో అడుగులు.

"అదిగో... అదిగో చూడు! ఎంత తోకో!"

లీత్ గొంతు!

లీత్ పెర్త్‌లో ఉన్నాడు కదా!

"చలేస్తోందా? ఇలా రా..." బుజ్జగిస్తోంది ఆ గొంతు.

ఓరి దేవుడో, నన్నే పిలుస్తోంది! నెరీడా దుప్పటి ముసుగేసుకుని చెవులు మూసుకుంది. పలకలేదు. ఆకాశం నిండా ఉల్కలు రాలుతూనే ఉన్నాయి. ఒక్కటీ చూడలేదు పాపం.

తెల్లారింది. కిటికీలోంచి వెలుగు పుస్తకం మీద పడింది.

పైవరసలో, నిన్న తను రాసిన నల్ల అక్షరాల అడుగునే... ఎర్ర అక్షరాలు!

దెయ్యం రాతే అనుకుని వణికిపోయింది. కానీ ఆ దస్తూరీ ఆవిడకి తెలియనిదా? పిల్లల పేపర్లు దిద్దే పెన్నే అది. ఎర్ర వెలుగులో ఎర్ర సిరా కనపడలేదు, అంతే. తేదీ నిన్నటిదే.

"లీత్, కెరిన్. ఇద్దరం. వెనక గట్టుమీద గుడారం. రెండు రాత్రులుంటాం."

ఎంత దగా! తోడబుట్టింది కూడానా! ఇంత పనికి ఒడిగట్టినవాడు కొండమీద పేరు రాయడం మాత్రం మరిచిపోలేదు చూడండి. దెయ్యమే అయ్యుంటే బాగుండునని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

అంతలో అడుగులు. గుడిసె గోడ పక్క నీళ్ళ పీపా దగ్గరికి ఎవరో ఈల వేసుకుంటూ వస్తున్నారు. ఆ ఈల పదకొండేళ్ళుగా విన్నదే.

నెరీడా కళ్ళు తుడుచుకుంది. తలుపు తియ్యలేదు.

"లీత్..." అంది, గుసగుసగా.

ఈల ఠక్కున ఆగింది. చేతిలో డబ్బా రాళ్ళమీద పడి దొర్లింది.

"లీత్... నేనే..."

మర్డో మాట అతనికీ తెలుసు. పలకలేదు.