రంగులు చెప్పే గొంతు

మా పరిశోధన గది ఒకప్పుడు ఉన్ని నిలవచేసే గోదాము. ఎంత కడిగినా గోడల్లోంచి తడి గొర్రె వాసన పోయేది కాదు. నాకది ఇష్టమే. పాతకాలపు పారసీక నేతగాళ్ల గురించి చదవడంలోనే నా వయసు సగం గడిచిపోయింది. మంజిష్ఠ వేరు ఉడకబెట్టి ఎరుపెలా తీసేవారో, దానిమ్మ తొక్కతో పసుపెలా తెచ్చేవారో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ నేతగాళ్ల తివాచీ ముక్కొకటి మా చేతికొచ్చింది. వందల ఏళ్లనాటిది, చాటంత ఉంటుంది. ఆ ముక్క అవతల నమూనా ఎలా సాగిందో ఎవరికీ తెలియదు. అలాంటిదే నేసి చూద్దామని మా పరిశోధన నడిపే మాస్టారు నిలువు మగ్గం పెట్టించి, నెయ్యడానికి మా చెల్లిని పిలిచారు. నేను చదివిందే అదీ చదివింది, నా వెనకాలే.

ముక్కలో ఉన్నంతవరకూ చూసి నేసింది. ఆ తర్వాతా ఆగలేదు. లేని నమూనా నేసుకుంటూ పోయింది. తీగలు, వాటి మధ్య మెడ వెనక్కి తిప్పిన పక్షి. ఊహించి వేస్తోందిలే అని నవ్వుకున్నాను. కొన్నాళ్లకి ఎక్కడో మ్యూజియం నుంచి అదే తివాచీ తాలూకు ఇంకో ముక్క ఫోటో వచ్చింది. అవే తీగలు. అదే పక్షి. మెడ అటే తిప్పి ఉంది.

"బంగారు తల్లివే!" అని మాస్టారు దాని తల నిమిరారు. నావైపు చూడను కూడా లేదు. నేను ఆ ఫోటో బోర్లా తిప్పి పెట్టేశాను.

ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "నీకెలా తెలిసిందే?"

చెల్లి గొంతు తగ్గించింది. "ఎవరో చెప్తున్నారక్కా. మగ్గం వెనకనుంచి. సుర్ఖ్... సుర్ఖ్... నీల్... అని పాడుతున్నట్టు. అన్నప్పుడల్లా చెయ్యి దానంతటదే ఓ ఉన్ని ఉండ మీదికి పోతుంది. భయమేస్తోంది. నేనింక మానేస్తానని మాస్టారికి నువ్వు చెప్పవూ?"

సుర్ఖ్ అంటే వాళ్ల భాషలో ఎరుపు. నీల్ అంటే నీలం. తివాచీ నేసేటప్పుడు ఒకరు రంగులు పాడుతుంటే మిగతావాళ్లు ముళ్లు వేసే పద్ధతి గురించి నేను చదివాను. చెల్లి ఆ భాష ఇంకా మొదలుపెట్టనే లేదు. నా ఒళ్లు జలదరించాలి. కానీ ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ పడిగాపులు పడింది నేను. పలికింది దానికా?

మర్నాడు దానికి జ్వరం. అమ్మ కదలనివ్వలేదు. మాస్టారు ఊళ్లో లేరు. నేనొక్కదాన్నే పరిశోధన గదికి వెళ్లాను. మధ్యాహ్నమే ముసురు పట్టి గదంతా చీకటైంది. మగ్గం మీది నిలువు పడుగు దారాల వెనక గోడ సన్నటి చీలికలుగా కనిపిస్తోంది. చూరు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చెల్లి పీట మీద కూర్చున్నాను. ఎంతకీ ఏమీ వినపడలేదు. చివరికి సిగ్గు విడిచి అడిగాను.

"నాకు చెప్పు. దానికేం తెలుసని? నాకు చెప్పు."

చూరు చప్పుడు ఆగింది. కిటికీ అవతల వాన పడుతూనే ఉంది. చప్పుడే ఆగింది.

దారాల సందుల్లోంచి తడి ఉన్ని వాసన ముఖానికి తగిలింది... వెచ్చగా... ఊపిరిలా.

"సుర్ఖ్..."

నా చేతులు లేచాయి. ముడి పడింది. ఇంకోటి పడింది. ఆనందంతో కళ్లనీళ్లొచ్చాయి. సుర్ఖ్... నీల్... సుర్ఖ్... గొంతు తొందరపెట్టింది. వేళ్లు కోసుకుపోతున్నాయి. ఆపలేను... ఆపాలని కూడా లేదు.

అప్పుడు చూశాను. దారాల వెనక గోడ కనపడడం లేదు. ఏదో అడ్డంగా నిలబడి ఉంది.

గొంతు ఆగింది. వాసన చూస్తున్నట్టు గాలి పీల్చింది. తర్వాత మెల్లగా, మన భాషలో అడిగింది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

నేను జవాబు చెప్పానో లేదో నాకు తెలియదు. చెప్పుల్లేకుండా వానలో ఇంటిదాకా పరుగెత్తాను.

చెల్లి మంచం మీద లేచి కూర్చుని ఉంది. జ్వరం లేదు. కళ్లు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

"నా పీట మీద కూర్చున్నావు కదూ?"

"మానేస్తానన్నావుగా!"

"మానేస్తానన్నాను. నీకిస్తానన్నానా? ఇక్కడ పడుకున్నా వినిపించేదక్కా. ఇందాకటి నుంచి వినిపించడం లేదు. ఎందుకు లాక్కున్నావు?"

"నాకూ ఆగిపోయిందే," అన్నాను.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పుడు వంటింట్లోంచి వినిపించింది.

"సుర్ఖ్... సుర్ఖ్..."

తలుపు దాకా వెళ్లాం. అమ్మ నేలమీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. జాకెట్టుకి హుక్కు కుట్టుకోవడం కూడా రాని మా అమ్మ. కత్తి పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న గాలిలో చకచకా ముళ్లు వేసింది. మళ్లీ కత్తి తీసుకుంది.

కెవ్వుమని అరవాలి మేం. చెల్లి పళ్లు బిగించి, "అమ్మకెందుకు చెప్తోంది?" అంది. నా నోట్లో ఉన్న మాటా అదే.

అమ్మ తలెత్తింది. "ఏంటర్రా, ఇద్దరూ అలా చూస్తున్నారు? ఆకలేస్తోందా?"

అది అమ్మ గొంతే. అమ్మ ఆ మాటలు అంటున్నంతసేపూ, అమ్మ దగ్గరనుంచే రంగులు చెప్తున్న ఆ రెండో గొంతు మాత్రం ఆగలేదు.