దీపాలు ఆరిపోయాయని చెప్పింది

మనవరాలు మదీనాను బాలబడిలో దింపి ఇంటికొచ్చిన హబ్సా, కారు తాళం బల్ల మీద పెట్టి నిలబడే భర్తతో చెప్పింది.

"అబాంగ్, కారు మళ్లీ ఆగిపోయింది. మార్కెట్ మలుపులో."

సిదెక్ మాస్టారు అరిటాకు పొట్లం విప్పి నాసి లెమక్ కొబ్బరన్నం తింటున్నారు. తల ఎత్తలేదు. "క్లచ్ సరిగ్గా తొక్కి ఉండవు."

"తొక్కాను. ముందు దీపాలన్నీ ఆరిపోయాయి. డాష్‌బోర్డు మీద ఎప్పుడూ వెలిగుండేవి కూడా ఒక్కటీ లేదు. ఆ తర్వాతే ఇంజిన్ ఆగింది."

ఆయన నవ్వారు. "ఆరవే, వెలుగుతాయి. తాళం తిప్పి ఉండగా ఇంజిన్ ఆగితే బ్యాటరీ దీపం, ఆయిల్ దీపం వెలుగుతాయి. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు చెప్పిన పాఠం. నాకే చెప్తావా?"

"నేను చూసింది చెప్తున్నాను."

"కంగారులో చూసి ఉంటావు. వెళ్లు, నా టీ చల్లారిపోతోంది."

మలేసియాలోని క్వాలా కంగ్సార్‌లో సిదెక్ మాస్టారంటే కార్ల కరెంటు పనికి పెద్ద పేరు. వృత్తి పాఠశాలలో ఆయన దగ్గర చదివినవాళ్లే ఊళ్లో సగం షెడ్లు నడుపుతున్నారు. కాబట్టి ఇంట్లో ఉన్న ఇరవై ఏడేళ్ల తెల్ల కారును బయట ఎవరికీ చూపించే ప్రశ్నే లేదు. హబ్సా మొదటిసారి చెప్పినప్పుడు ప్లగ్గులు మార్చారు. రెండోసారి బ్యాటరీ కొనలు గీకి శుభ్రం చేశారు. మూడోసారి పక్క ఊరు తైపింగ్ దాకా స్వయంగా నడుపుకుంటూ వెళ్లి వచ్చారు. కారు ఒక్కసారి కూడా దగ్గలేదు. దాంతో ఆయన ఒక నిర్ణయానికొచ్చేశారు. లోపం కారులో లేదు.

ఆ శుక్రవారం పెద్ద రౌండబౌట్ మధ్యలో కారు ఆగిపోయింది. వెనక సీట్లో మదీనా ఉంది. ఇసుక లారీ ఒకటి బారెడు దూరంలో బ్రేకు వేసి నిలిచింది. పిల్లకు దెబ్బేమీ తగల్లేదు కానీ సాయంత్రం వరకు వెక్కుతూనే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర కూతురు ఇజ్జాతి, అల్లుడు హజ్వాన్ ఇద్దరూ పళ్లేల్లోకి చూస్తూ కూర్చున్నారు. చివరికి ఇజ్జాతే తల్లితో నోరు విప్పింది.

"మక్, కోప్పడకు. కొన్నాళ్లు మదీనాను మేమే దింపుకుంటాం."

"నా తప్పేం లేదమ్మా. దీపాలు ఆరిపోయాయి. అయాహ్‌ని అడుగు, ఎన్నిసార్లు చెప్పానో." హబ్సా భర్త వైపు చెయ్యి చూపింది.

మాస్టారు చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టారు. "హబ్సా, ఇక చాలు. నీకు అరవై నాలుగు వచ్చాయి. మొన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశావు. పక్కింటి సఓదా పేరు మర్చిపోయి తడుముకున్నావు. కారు ఆగడం కాదు, నీ బుర్రే మధ్యమధ్యలో ఆగుతోంది. ఆ తాళం ఇటివ్వు."

హజ్వాన్ మంచినీళ్ల గ్లాసు అందుకుని ముఖం దాచుకున్నాడు. హబ్సా భర్త వైపు కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి తాళం తెచ్చి ఆయన పళ్లెం పక్కన పెట్టింది. కొట్లాడుతుందని ఎదురుచూసిన ఆయనకు ఆ మౌనం గెలుపులాగే అనిపించింది.

ఆ తర్వాత ఇంట్లో ఆమె తీరు మారిపోయింది. పొయ్యి పక్క గోడకు ఒక కాగితం అంటించింది. వంట కాగానే "గ్యాస్ ఆపాను" అని రాసి తేదీ వేసేది. "అబాంగ్, ఉప్పు వేశానా?" అని అడిగి, ఆయన రుచి చూసేదాకా నిలబడేది. సఓదా వస్తే ముందు లోపలికి వెళ్లి, పెదవుల మీదే పేరు అనుకుని బయటికి వచ్చేది. మాస్టారు అదంతా చూసి, తాను అన్నదే నిజమని ఇంకా గట్టిగా నమ్మారు. ఆమె మీద జాలి కూడా పడ్డారు. సఓదా ఇంట్లోనూ ఆ మాటే నవ్వుతూ చెప్పారు.

నెల తిరిగాక ఇజ్జాతి తన కారు షెడ్‌లో ఉందని తెల్ల కారు తీసుకెళ్లింది. గంటలో ఫోను.

"అయాహ్, నది ఒడ్డున మసీదు మలుపులో ఆగిపోయింది. విచిత్రంగా ఉంది. బ్రేకు మీద కాలు పెట్టగానే దీపాలన్నీ ఆరిపోయాయి."

మాస్టారు ఫోను చెవికి అదుముకున్నారు. "ఏమన్నావ్?"

"డాష్‌బోర్డు దీపాలు. ముందు అవి ఆరాయి. తర్వాత ఇంజిన్."

హజ్వాన్ మోటారుసైకిల్ మీద ఆయన్ను అక్కడ దింపి పనికి వెళ్లిపోయాడు. ఇజ్జాతి కారు పక్కన గొడుగు వేసుకుని నిలబడి ఉంది. ఆయన హడావిడిగా డ్రైవర్ సీట్లో దూరారు. ఎప్పుడూ చేసేలా సీటు వెనక్కి జరపలేదు. ఇజ్జాతిది తల్లి పొట్టితనమే. సీటు బాగా ముందుకు ఉంది. తాళం తిప్పారు. దీపాలు వెలిగాయి, ఇంజిన్ అందుకుంది. బ్రేకు కోసం కుడికాలు ఎత్తారు. మోకాలు స్టీరింగ్ కింది ప్లాస్టిక్ మూతను తాకింది.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఇంజిన్ నిలిచిపోయింది.

దీపాలు వెలుగుతూ ఇంజిన్ ఆగితే ఒక రకం జబ్బు. దీపాలతో సహా ఆగితే తాళం దగ్గర్నుంచి వచ్చే కరెంటే తెగుతున్నట్టు. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠమది. ఆ గుర్తును హబ్సా ఎన్ని సార్లు ఆయన చేతిలో పెట్టిందో! ఆయన పొడుగు మనిషి. సీటు వెనక్కి జరిపి నడిపేవారు. ఇవాళ్టిదాకా ఆయన మోకాలు ఆ మూతను తాకలేదు.

స్క్రూలు తీసి మూత విప్పారు. లోపల తాళం నుంచి వచ్చే లావుపాటి వైరు మధ్యలో ఒక నల్లటి టేపు ముడి కనిపించింది. ఎండకు జిగురు కారి, టేపు జారిపోయి ఉంది. లోపల రెండు వైర్లు ఊరికే మెలిపెట్టి ఉన్నాయి. మోకాలు తగిలితే విడిపోతున్నాయి, వదిలితే మళ్లీ కలుస్తున్నాయి.

ఆ ముడి ఎవరిదో ఆయనకు వెంటనే తెలిసింది. కిందటి ఉపవాస మాసంలో వీధిలో ఎవరిదో కారు పోయిందని, తానే ఈ వైరు కోసి దొంగల అలారం బిగించారు. పని మధ్యలో మసీదు నుంచి పొద్దు వాలాక ఉపవాసం విడిచే పిలుపు వినబడింది. రేపు టంకం వేద్దామని టేపు చుట్టి లేచారు. ఆ రేపు రాలేదు. మరిచిపోయింది ఆయన.

"దొరికిందా అయాహ్?" ఇజ్జాతి వంగి చూసింది.

చెమట కళ్లలోకి కారుతుంటే ఆయన ముడిని అరచేత్తో కప్పారు. "ఆ... పాత కారు కదా. వైరు అరిగింది."

మాట నోట్లోంచి వచ్చాక తన గొంతు తనకే పరాయిగా వినబడింది. జారిన టేపు ఊడదీసి జేబులో వేసుకుని, వైర్లు బిగించి మూత పెట్టారు. ఇంటి దాకా కూతురి ముఖం చూడలేకపోయారు.

ఇంట్లో హబ్సా గోడ మీది కాగితంపై తేదీ వేస్తోంది. ఆయన్ను చూసి పెన్ను పక్కన పెట్టింది. బీరువాలోంచి ఒక కార్డు తెచ్చి చేతికిచ్చింది.

"మీకు ముందే చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు. బస్సులో వెళ్లి ఆస్పత్రిలో అడిగాను. గురువారం జ్ఞాపకశక్తి పరీక్ష ఉందట. ఇంటి మనిషిని తోడు తెమ్మన్నారు. వస్తారా, అబాంగ్? వాళ్లు చెప్పేది ఒక్కదాన్నే వినాలంటే భయంగా ఉంది."

ఒంటరిగా బస్సులో కూర్చుని, ఒంటరిగా వరసలో నిలబడి, నా బుర్ర పాడైందేమో చూడండని ఎవరో తెలియని మనుషులను అడిగి వచ్చింది. ఇదంతా తాను కట్టిన ఒక్క ముడి వల్ల. కాదు, ముడి వల్ల కూడా కాదు. ఆమె చెప్పింది ఒక్కసారి వినకపోవడం వల్ల.

"ఇజ్జాతీ, ఇలా రా," అన్నారు. జేబులోంచి ఆ టేపు ముక్క తీసి బల్ల మీద పెట్టారు. "ఇందాక నీతో అబద్ధమాడాను. వైరు అరగలేదు. అలారం పెట్టినప్పుడు నేనే ఊరికే మెలిపెట్టి వదిలేశాను. దీపాలు ఆరడం నిజం. మీ అమ్మ మొదటి రోజు నుంచీ చెప్పింది ప్రతి అక్షరం నిజం."

"అయాహ్! మరి ఆ రోజు అందరి ముందూ..."

"అవును. అందరి ముందూ అన్నాను. హజ్వాన్‌కీ అందరి ముందే చెప్తాను. సఓదా ఇంటికీ వెళ్తాను. అక్కడా నవ్వుతూ చెప్పాను కదా."

హబ్సా టేపు ముక్కను వేలితో తిప్పి చూసింది.

"లారీ ఇంకో బారెడు ముందుకు వచ్చి ఉంటే?" అంది చివరికి.

ఆయన తల వంచుకున్నారు.

"పిల్ల పోయి ఉంటే, తప్పు నాదేనని నేను కూడా నమ్మేదాన్ని, అబాంగ్. చచ్చేదాకా నమ్మేదాన్ని. మీరు చెప్పారని."

"నన్ను తిట్టు హబ్సా. ఏమన్నా పడతాను."

"తిడతాను. ఇవాళ కాదు. తీరిగ్గా తిడతాను." ఆమె గోడ దగ్గరికి నడిచి, కాగితం ఊడదీసి పట్టుకుంది. చింపకుండా ఆగి వెనక్కి తిరిగింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ముఖం చిన్నపిల్ల ముఖంలా కరిగిపోయింది.

"అంటే అబాంగ్... నేను బాగానే ఉన్నానా?"

సిదెక్ మాస్టారు లేచి వెళ్లి, కూతురు చూస్తుండగానే ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు. ఆ కాగితం ఇద్దరి చేతుల మధ్యా తడిసిపోయింది.