నేనెదురైతే వెలగని దివ్వె

ఆగండి, పేజీ తిప్పేయకండి, ముందు రిత్విక్ గోడు వినండి. విశాఖలో ఇంటర్ కాలేజీ క్యాంటీన్. పునుగుల ప్లేటు మీదుగా మంజీర ఆ పూట మూడోసారి చెయ్యి చాపింది.

"చూడరా, వెలిగింది! ఆర్యన్ అలా పక్కనుంచి వెళ్ళాడంతే!"

"నిన్న కుక్క మొరిగినా వెలిగింది."

"ఏడిశావ్. అయిదింటికి మా జతనమోదు. నా మొదటి కొలత చీటీ కావాలంట. పాత బడికెళ్ళి తెచ్చిపెట్టరా, ప్లీజ్!"

పదమూడో ఏట బడిలోనే గుండె మామూలు లయ కొలిచి, మణికట్టు చర్మం కింద గింజంత గుండెదివ్వె పెడతారు. మనసైన మనిషి దగ్గరికొస్తే గుండె మామూలు లయ దాటుతుంది, దివ్వె పచ్చగా వెలుగుతుంది. అది వచ్చాక 'నేనంటే ఇష్టమా' అని అడగడం మోటైపోయింది. జత నమోదైతే ఇక ఆ దివ్వె ఆ ఒక్కరికే కట్టుబడిపోతుంది.

నాలుగేళ్ళుగా రిత్విక్‌ని చూసి మంజీర దివ్వె ఒక్కసారీ వెలగలేదు. అతనిదేమో ఆమె ముందు ఆరిందే లేదు. "నీది పాడైందిరా, ఎప్పుడు చూసినా వెలుగుతూనే ఉంటుంది, మార్పించుకో" అంటుంది ఆ మహాతల్లి! గోడకేసి తల బాదుకోవాలనిపించేది అతనికి. అయినా వెళ్ళాడు. వెళ్ళకుండా ఎప్పుడున్నాడు గనక?

బడిలో నర్సు పైడితల్లి చీటీ తీస్తూ నవ్వింది. "ఈ పిల్లా! సూది చూసి ఒకటే ఏడుపు బాబూ. నువ్వు చెయ్యి పట్టుకుని కూచుంటేగానీ కొలవనివ్వలేదు."

"కొలిచేటప్పుడు కూడా నేను పక్కనే ఉన్నానా?"

"ఉన్నావుగా. ఎవరూ ఉండకూడదు నిజానికి. పోనీలే, చిన్నపిల్లలని ఊరుకున్నాను."

రిత్విక్‌కి ఒళ్ళు మండిపోయింది. అంటే, అతను పక్కనుంటే ఆమె గుండె ఎలా కొట్టుకుంటుందో అదే మామూలని రాసుకుంది ఆ దిక్కుమాలిన దివ్వె! అతని విషయంలో అది అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. నాలుగేళ్ళూ ఉత్త పుణ్యానికి కుమిలాడు.

పరిగెత్తుకొచ్చేసరికి నమోదు కౌంటర్ ముందు మంజీర, వెనక ఆర్యన్.

"ఎంతసేపురా బాబూ! ఇలా ఇవ్వు."

అతను చీటీ ఇవ్వలేదు. ఆయాసపడుతూనే జరిగిందంతా చెప్పేశాడు. "అందుకే నేను దానికి కనబడనే. ఇప్పుడు చెప్పు. నేనంటే నీకు ఇష్టమా?"

మంజీర అలవాటుగా మణికట్టు చూసుకుంది.

"దాన్ని కాదే, నిన్ను అడుగుతున్నా!"

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆమెను ఎవరూ నోటితో అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ దివ్వె చెప్పకపోతే నాకెలా తెలుస్తుందిరా?" అంది, నిజంగానే తెలియక.

"మంజీర! చీటీ ఉందా లేదా? మూసేస్తున్నాం" అని కౌంటర్‌లోంచి కేక. ఆమె చెయ్యి చాపే ఉంది, చీటీ అతని పిడికిట్లో ఉంది.

మీరైతే ఇచ్చేస్తారా?