అయస్కాంతానికి అంటిన పిన్నీసు

1986 మాఘమాసం. మిర్చియార్డు ఘాటు బ్రాడీపేట దాకా వస్తోంది.

"రేపు పరీక్షకులొస్తున్నారండీ. ఈలోగా బిళ్ళ దొరక్కపోతే నా పీహెచ్‌డీ పోతుంది, దొంగన్న పేరు మిగుల్తుంది" అంది జ్ఞానప్రసూనాంబ, కూర్చోకుండానే.

డిటెక్టివ్ బాలత్రిపురసుందరి మంచినీళ్ళిచ్చింది. ఆవిడకు తేలని కేసు లేదని అసిస్టెంట్ నాగూర్ వలి అడక్కపోయినా అందరికీ చెబుతుంటాడు.

బియ్యపుగింజంత సెమీకండక్టర్ బిళ్ళ అది. అందులోని పల్చటి పొరను పశువుల ఆస్పత్రి నుంచి తెచ్చిన ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య పెట్టి, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఎంత నెట్టుకుంటాయో ప్రసూనాంబ కొలుస్తోంది. ఇలాంటి పొరలో ఆ తోపులాట లెక్కలోకే రాదని ఆమె ప్రొఫెసర్ జానకిరామయ్య పుస్తకమే రాశారు. ఆమె కొలతలు కాదంటున్నాయి. నిన్న అయస్కాంతం ఆపకుండా భోజనానికి వెళ్ళొచ్చేసరికి బిళ్ళ మాయం. అయస్కాంతానికి ఒక పిన్నీసు అంటుకుని ఉంది. ల్యాబులో ఆడమనిషి ఆమె ఒక్కతే కనుక అందరూ ఆమెనే అనుమానిస్తున్నారు.

ల్యాబు గడప దగ్గరే ప్రసూనాంబ సుందరిని ఆపింది. "మీ గాజులకున్న పిన్నీసులు ఈ గూట్లో పెట్టండి. అయస్కాంతం లాగేస్తుంది." మెకానిక్ క్రీస్తుదాసు తాళాల గుత్తి అప్పటికే ఆ గూట్లో ఉంది.

దొరికిన పిన్నీసును సుందరి వెలుగులో పెట్టి చూసింది. దానికి తెగిన, వెలిసిన పసుపు పోగొకటి చిక్కుకుని ఉంది.

తర్వాత జానకిరామయ్యను కలిసింది.

"ల్యాబులోకి ఎప్పుడు వెళ్ళారండీ?"

"ఏళ్ళయిందమ్మా. నా పనంతా కాగితం మీదే."

పల్చటి లాల్చీలోంచి ఆయన జంధ్యం కొత్త పసుపుతో పచ్చగా కనిపిస్తోంది.

"ఈమధ్య ఇంట్లో పురుడుగానీ, మైలగానీ వచ్చిందాండీ?"

"లేదే! దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

పక్కనున్న వలికీ బోధపడలేదు. కానీ ఆవిడ ఇలాంటి ప్రశ్న వేసిందంటే కేసు తేలిపోయినట్టేనని హుషారొచ్చింది.

సాయంత్రం సుందరి అందర్నీ ల్యాబు ముందుకు పిలిపించింది.

"ఇక్కడ పనిచేసేవాళ్ళు ఇనుము బయటపెట్టి గాని గడప దాటరు. నన్నే ఆపిందీ అమ్మాయి. కాబట్టి పిన్నీసు ఆ అలవాటు లేని మనిషిది. దానికున్నది పసుపు పోగు. ఈమెకింకా పెళ్ళి కాలేదు, మెడలో పసుపుతాడు లేదు. క్రీస్తుదాసుకు జంధ్యం లేదు." ప్రొఫెసర్ వైపు తిరిగింది. "పాతకాలం వాళ్ళలాగే మీరూ జంధ్యానికి పిన్నీసు తగిలించుకుంటారు. బిళ్ళ కోసం వంగారు, అయస్కాంతం లాగింది, పోగు తెగింది. తెగిన జంధ్యంతో మీరు పూటైనా ఉండలేరు, మార్చేశారు. జంధ్యం మార్చే శ్రావణ పౌర్ణమి ఎప్పుడో వెళ్ళింది. మార్చాల్సి రావడానికి ఇంట్లో పురుడూ మైలా లేవు. మరి ఇప్పుడు పసుపైనా వెలవని కొత్త జంధ్యం ఎందుకు వేసుకున్నారండీ?"

జానకిరామయ్య పొడుం డబ్బా తీసి మూత తెరిచారు. లోపల దూదిలో బిళ్ళ ఉంది.

"ఉద్యోగమంతా ఆ పాఠమే చెప్పానమ్మా. తప్పని నా శిష్యురాలే అంటే ఓర్చుకోలేకపోయాను."

ప్రసూనాంబ డబ్బా లాక్కుంది. బిళ్ళ తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి అయస్కాంతం హోరు మొదలైంది. మళ్ళీ గడప దగ్గరికొచ్చింది.

"కొలత తీస్తున్నాను సార్. వచ్చి మీ కళ్ళతోనే చూడండి." గూడు చూపించింది. "జంధ్యానికి మళ్ళీ పిన్నీసు పెట్టుకునుంటే మాత్రం ఇక్కడ తీసిపెట్టి రండి."