బట్టీ చల్లారేదాకా

“లక్ష్యం: కాలం కనిష్ఠం కావాలి” అని మట్టి కప్పులు కాల్చే బట్టీ లెక్కకు బోర్డు మీద రాసి, ఒక యువకుడు సగర్వంగా వెనుదిరిగాడు.

చివరి వరుస నుండి ఒక అమ్మాయి లేచి వచ్చి, అతని చేతిలోని సుద్దముక్క తీసుకుని, ఆ పంక్తి కింద మరొకటి చేర్చింది: “కప్పు పగలకూడదు.”

తరగతి గొల్లున నవ్వింది.

“ఇదేం సమీకరణం?” అన్నాడతను.

“సమీకరణం కాదు, హద్దు. అది లేకుండా నీ లెక్క చేస్తే జవాబు సున్నా వస్తుంది. కప్పుల్ని కాల్చకుండానే బట్టీలోంచి తీసేయొచ్చు. దానికి ఇంజనీరెందుకు?”

“పగులుతుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?”

“అది చెప్పడానికే కదా మోడల్ కట్టేది.”

గణిత నమూనాలు బోధించే మాస్టారు కళ్లద్దాల మీదుగా ఇద్దరినీ చూశారు. “మీ వాదన బాగుంది. ప్రాజెక్టు ఇద్దరూ కలిసి చెయ్యండి” అని తేల్చేశారు.

యతిస్థానం వద్ద ఆగని పద్యంలా పరుగెత్తేవాడు కనుక అతనిని తోటివారు తొందరరాయుడనేవారు. ఆమెను మొండిఘటమనేవారు. ఆ పేరుకు తగిన కారణమే ఉన్నది.

ఆమె తల్లి ఊరి చివర రేకుల షెడ్డులో మట్టి టీకప్పులు చేసి, కరెంటు బట్టీలో కాల్చేది. కాల్చిన ప్రతిసారీ కొన్ని వరుసలు పగిలేవి. విసిగిపోయిన తల్లి, షెడ్డును ఎవరికైనా ఇచ్చివేయాలని నిశ్చయించుకున్నది. చదువు ముగియగానే తానే నడుపుతానని కూతురు పట్టుబట్టింది. చివరికి తల్లి ఒక మాట ఇచ్చింది. “ఒక్క బట్టీ నీ లెక్క ప్రకారం కాలుస్తానే. కప్పులు నిలబడితే షెడ్డు నీది. లేదంటే మళ్లీ ఆ మాటెత్తకు.”

పచ్చి కప్పులో తేమ దాగి ఉంటుంది. వేడిని త్వరగా పెంచితే పైపొర ముందే బిగుసుకుంటుంది. లోపలి ఆవిరి దారి దొరకక గోడను చీల్చుకుని వస్తుంది. మరీ నెమ్మదిగా పెంచితే రోజంతా కరెంటు కాలుతుంది. ఆ షెడ్డు బట్టీలో ఏ గంటకు ఎంత వేడి ఉండాలో చెప్పే ఒక్క గీతను కనుగొనడమే వారిద్దరి పని.

కొన్ని వారాలకు అతను లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు. “చూడు. కొలిచిన చుక్కలన్నీ గీత మీదే కూర్చున్నాయి.”

“ఏ కప్పులతో సరిచూశావు?”

“మనం కొలిచినవాటితోనే.”

“మోడల్ కట్టింది వేటితో?”

అతను గొంతు సవరించుకున్నాడు. “వాటితోనే.”

“చెప్పిన లెక్కే పరీక్షలో ఇచ్చి వందకి వంద వేసుకున్నావన్నమాట. కొన్ని కొలతలు పక్కన పెట్టమన్నాను కదా.”

“పక్కన పెడితే గీత ఇంత అందంగా రాలేదు.”

“అందమైన గీత మా అమ్మకెందుకు? నీకిది మార్కులు. నాకిది షెడ్డు. నీకు కుదరకపోతే చెప్పు, నేనొక్కదాన్నే చేసుకుంటాను.”

అతను లాప్‌టాప్ మూసి వెళ్లిపోయాడు. బయట వాన మొదలైంది. మరునాడు ల్యాబుకు రాలేదు. ఆ పైరోజూ రాలేదు.

ఆమె కన్నీరు పెట్టుకోలేదు. హాస్టల్ గదిలో కూర్చుని లెక్క మొదటి నుండి తిరిగి కట్టింది. కొలతలు చాలవని గ్రహించి, గొడుగు తీసుకుని షెడ్డుకు బయలుదేరింది.

అక్కడ, పగిలిన కప్పుల కుప్ప పక్కన, తడిసిన చొక్కాతో తొందరరాయుడు నేల మీద కూర్చుని ఉన్నాడు.

“రెండ్రోజులుగా ఇక్కడే తిరుగుతున్నాడే,” అన్నది తల్లి స్టూలు మీద నుండి. “పగిలినవి పారెయ్యనివ్వడు. ఎవరే ఇతను?”

“మా క్లాసేనమ్మా.”

“క్లాసులో కూడా నేల మీదే కూర్చుంటాడా?”

అతను తల తిప్పకుండానే ఒక పెంకును అందించాడు. “పగులు ఎక్కడ మొదలైందో చూడు. దాదాపు అన్నిటికీ పిడి అతికించిన చోటే. మనం కప్పంతా ఒకే మందం అనుకున్నాం. అక్కడ మట్టి రెండింతలుంది. తేమ ఆలస్యంగా బయటికొస్తుంది.”

ఆమె పక్కనే చతికిలబడింది. “రోజూ చూసేదాన్నే. నాకెందుకు తట్టలేదు?”

“రోజూ చూసేదాన్ని ఎవరూ చూడరులే. ఇంకో మాట. నిన్నటి బట్టీ కొలతలు తీసుకున్నాను. వాటిని మోడల్‌కి చూపించలేదు. పక్కన పెట్టాను.”

“నేనడిగానా?”

“అడగలేదు. తిట్టావు.”

అతని జుట్టు నుండి జారిన చినుకు ఆ పెంకు మీద పడి, క్షణంలో ఇంకిపోయింది. ఆమె నవ్వు దాచుకోవడానికి కుప్పలో మరో పెంకు వెతికింది.

కొత్త మోడల్, తాను మునుపు చూడని కొలతలకూ నిలబడింది. అది గీసి ఇచ్చిన గీతను తల్లి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. “మొదట్లో ఇంత నెమ్మదేంటి బాబూ? నీ పేరు తొందరరాయుడట కదా.”

“పిడి దగ్గర తేమ పోనిస్తే, తరవాత వేడి గబగబా పెంచుకోవచ్చండీ. మొత్తం మీద ముందే అయిపోతుంది.”

ఆ గీత ప్రకారమే బట్టీ కాలి, ఆగింది. ఇక చల్లారాలి. అతని చెయ్యి రెండుసార్లు బట్టీ తలుపు గడియ మీదకు వెళ్లింది. రెండవసారి ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది, వెంటనే వదలలేదు.

“లోపల వేడి ఉండగా తెరిస్తే మంచి కప్పు కూడా పగులుతుంది.”

“అయితే అంతవరకూ ఒక మాట చెప్పనా? కాలం కనిష్ఠం కావాలని బోర్డు మీద రాసింది నేనే. ఇప్పుడు ఈ ప్రాజెక్టు ఎంత ఆలస్యమైతే అంత బాగుండునని ఉంది. నువ్వంటే నాకిష్టం.”

ఆమె బట్టీ తలుపు వైపే చూస్తూ అన్నది: “చల్లారాక చెప్తాను.”

సంయమమున్న ప్రేమ తపస్సు వంటిది. అతను ఆ సాయంత్రమంతా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మరునాడు తల్లి తలుపు తెరిచి, కప్పులను ఒక్కొక్కటిగా తీసి గోటితో మీటింది. ఖంగుమని పలికాయి. ఒకటి మాత్రం బొంగురుగా మోగింది. కూతురి ముఖం వాడిపోయింది. తల్లి దానిని పక్కన పెట్టి, కడపటి వరుస వరకు మీటి, కొంగుముడి విప్పి తాళంచెవి కూతురి చేతిలో పెట్టింది.

“ఒక్కటేగా. దాన్ని వచ్చేసారి పట్టుకోండి” అని టీ పెట్టడానికి వెళ్లింది.

అతను కప్పుల మీది దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు.

“అడగవేం?” అన్నదామె.

“చల్లారిందో లేదో అని.”

“బట్టీ చల్లారింది. ఇది చల్లారేది కాదు.”

లోపలి నుండి తల్లి గొంతు వినిపించింది. “నాకు చెవులున్నాయి. మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావు బాబూ?”

“ఇవాళ సాయంత్రమే తీసుకొస్తానండీ.”

“ఆ పేరు ఊరికే రాలేదు. ముందు టీ తాగు.”

తల్లి తెచ్చిన టీని ఆమె కొత్త కప్పులలో పోసింది. అతను తన కప్పును రెండు చేతులతో పొదివి పట్టుకోలేదు. పిడి పట్టుకునే ఎత్తాడు.